గ్రాంటు పడలేదంటారు, పాస్‌బుక్‌లో సున్నా – మరి బడి డబ్బులు ఎక్కడ?

పొలంగట్టు:

అందరికీ నమస్కారం. మాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. 28 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. 2024 ఆగస్టులో ఎస్‌ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) ఎన్నికలు పెట్టినప్పుడు ఎవరూ ముందుకు రాకపోతే నన్ను చైర్మన్ని చేశారు. నేను చదివింది టెన్త్. ఎకరంన్నర పొలం, ఒక పాత ట్రాక్టరు. ట్రాక్టరు గంటల లెక్క తప్ప ఇంకో లెక్క తెలియదు.

దసరా సెలవులయ్యాక బడి తెరిచేసరికి నీళ్ల మోటారు కాలిపోయి ఉంది. మెకానిక్‌కి చూపిస్తే వైండింగ్ పోయింది, 4,500 అవుతుందన్నాడు. హెడ్మాస్టరు గారిని అడిగితే "గ్రాంటు పడలేదండి" అన్నారు. దీపావళి వెళ్లిపోయింది, కార్తీకం కూడా అయిపోవచ్చింది, ఇంకా అదే మాట. పిల్లలు తాగడానికి ఇంటి నుంచి సీసాల్లో తెచ్చుకుంటున్నారు. బాత్రూముకి మాత్రం ఆయా పక్కింటి బోరు దగ్గర్నుంచి రోజూ నాలుగు బిందెలు మోస్తోంది.

సరే, పాస్‌బుక్ చూపించండి సార్ అన్నాను. తీసి చేతిలో పెట్టారు. నిలవ 0.00. పై ఎంట్రీలు చూసినా సున్నాలే. డబ్బు వచ్చినట్టూ లేదు, పోయినట్టూ లేదు.

ఇంకోపక్క మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు, సర్కారు బళ్లో ఒక్కో పిల్లాడి మీద ఏడాదికి 50 వేలు ఖర్చవుతోందని. 28 మందికి 14 లక్షలు! అది చాలదన్నట్టు, పిల్లల్ని బడికి పంపే తల్లులకిచ్చే తల్లికి వందనం పథకంలో మా ఆవిడ ఖాతాలో 13 వేలే పడ్డాయి, 2 వేలు బడికని ఆపారు. అందరివీ కలిపితే అదో 50 వేలు. మొన్న మీటింగులో ఒకాయన నా మొహం మీదే అనేశాడు, "సారూ చైర్మనూ కలిసి నొక్కేశారు" అని. నేనిప్పటికి మూడుసార్లు ఏవో కాయితాల మీద సంతకాలు పెట్టాను. నిజం చెప్పాలంటే చదవకుండానే పెట్టాను. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

సారు మంచాయనే. గట్టిగా అడిగితే బాధపడతారేమో, అడక్కపోతే నేను దొంగనైపోతానేమో. బడికి డబ్బు ఎలా వస్తుంది, ఎవరెవరి చేతుల మీదుగా వస్తుంది, తెలిసినవాళ్లు కాస్త విడమర్చి చెప్పండి.

సుద్దముక్క:

చైర్మన్ గారూ, ముందు ఇవాళ హాయిగా నిద్రపోండి. చదవకుండా సంతకం పెట్టడం తప్పే, దాని సంగతి చివర్లో చెబుతాను.

నేను 34 ఏళ్లు మండల పరిషత్ బళ్లలోనే చేసి 2024లో దిగిపోయాను. ఆఖరి తొమ్మిదేళ్లు హెడ్మిస్ట్రెస్‌ని. "గ్రాంటు పడలేదండి" అన్న మాట నేనూ ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. అన్న ప్రతిసారీ ఎదుటివాళ్ల కళ్లలో ఆ అనుమానం చూశాను. కాబట్టి కాస్త పెద్దదే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మొదట ఆ 14 లక్షలు. అవెక్కడికీ పోలేదు, రోజూ పొద్దున్నే మీ కళ్లముందే బండ్లెక్కి బడికొస్తున్నాయి. మీ ఇద్దరు టీచర్లే ఆ 14 లక్షలు. ఒక్కొక్కరి జీతం నెలకు 60 వేలు అనుకుందాం, సర్వీసును బట్టి అటూ ఇటూ ఉంటుంది. ఇద్దరికీ 1,20,000. పన్నెండు నెలలకు 14,40,000. 28తో భాగించండి, పిల్లకు 51 వేల పైచిలుకు. వాట్సాప్‌లో పెట్టినాయన ఏది చూసి పెట్టాడో గాని, మీ బడి మటుకు ఆ అంకె అబద్ధం కాదు. కాకపోతే అందులో ఒక్క రూపాయి కూడా బడి గడప తొక్కదు. రాష్ట్ర బడ్జెట్లో సాధారణ విద్యకి 2202 అనే ప్రధాన పద్దు ఉంటుంది. జీతాలు 010 పద్దులో వస్తాయి. మండల విద్యాశాఖాధికారి బిల్లు పెడతారు, ట్రెజరీ పాస్ చేస్తుంది, నేరుగా టీచరు ఖాతాలో పడుతుంది. దాన్ని మీ సారు తినడానికీ లేదు, మోటారుకు మళ్లించడానికీ లేదు.

తర్వాత, వస్తువులుగా వచ్చేవి. పాఠ్యపుస్తకాలు, బ్యాగులు, యూనిఫాం గుడ్డ, బియ్యం. ఇవన్నీ మీ పిల్లల పేర రాసిన ఖర్చులే గాని బడికి డబ్బుగా రావు. మధ్యాహ్న భోజనం చూడండి. ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, వంట ఖర్చు 2025 మే నుంచి కేంద్రం ఖాయం చేసిన రేటు 6 రూపాయల 78 పైసలు. అందులో 4.07 కేంద్రానిది, 2.71 రాష్ట్రానిది. 28 మందీ వస్తే రోజుకు 190 రూపాయలు కూడా కాదు. పప్పు, కూర, నూనె, కట్టెలు అన్నీ అందులోనే సర్దాలి. ఈ బిల్లు పోయేది వంట చేసే మహిళలకి. హెడ్మాస్టరు పని ఎంతమంది తిన్నారో రోజూ నమోదు చెయ్యడం వరకే.

ఇక మిగిలింది, మీ సారు చేతుల్లో ఉండేది, మీరు సంతకం పెట్టాల్సింది. దాని పేరు కాంపోజిట్ స్కూల్ గ్రాంటు. సమగ్ర శిక్ష కింద వస్తుంది. 2018లో సర్వశిక్షా అభియాన్‌నీ, హైస్కూళ్లకున్న ఆర్ఎంఎస్‌ఏనీ, టీచర్ల శిక్షణనీ కలిపేసి దీన్ని పెట్టారు. మన రాష్ట్రానికి రూపాయిలో 60 పైసలు కేంద్రం, 40 పైసలు రాష్ట్రం. ఎంత ఇవ్వాలనేది తలల లెక్క. 30 మంది లోపైతే 10 వేలు, 31 నుంచి 100 దాకా 25 వేలు, 250 దాకా 50 వేలు, వెయ్యి దాకా 75 వేలు, ఆ పైన లక్ష. అదీ ఇంతవరకు ఇవ్వొచ్చన్న పరిమితే.

మీ బడిలో 28. అంటే 10 వేలు. ఏడాదికి. బడి 220 రోజులు నడిచిందనుకోండి, రోజుకు 45 రూపాయలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, ఫినాయిలు, కరెంటు, తలుపు గొళ్లెం, మోటారు, అన్నీ అందులోనే. పైగా అందులో పదో వంతుకు తక్కువ కాకుండా శుభ్రతకే పెట్టాలని నియమం.

ఇక్కడొక తమాషా ఉంది. మీకింకో ముగ్గురు పిల్లలుండి ఉంటే 25 వేలు వచ్చేవి. ముగ్గురికి 15 వేలు తేడా! పిల్లలు తగ్గితే గ్రాంటు తగ్గుతుంది సరే, గోడలు తగ్గుతాయా? మోటారు చిన్నదవుతుందా? 28 మందికైనా 31 మందికైనా కాలే వైండింగ్ ఒకటే.

నాకిది స్వయంగా జరిగింది. 2022లో మా బడిలో 32 మంది. గ్రాంటుకి యూడైస్‌లో, అంటే దేశంలో బళ్ల వివరాలన్నీ ఎక్కించే సైట్లో, రాసిన సంఖ్యే ఆధారం, దానికి సెప్టెంబరు 30 లెక్క. ఆ నెల మొదటి వారంలో ఒక కుటుంబం మేస్త్రీ పనికని టౌనుకు వెళ్లిపోయింది. ముగ్గురు పిల్లలు. ఆఖరిది ఒకటో తరగతి, పలక మర్చిపోయి వెళ్లింది, చాన్నాళ్లు నా బీరువాలోనే ఉంది. మా అసిస్టెంటు మేడమ్ అంది, "వచ్చే నెలలో తీసేద్దాం మేడమ్, ఇప్పటికి ఉంచండి" అని. ఆధార్‌తో పిల్లవారీగా ఎక్కిస్తున్నాం, టౌను బడివాళ్లు టీసీ అడిగితే ఇక్కడ పేరు తీస్తేగాని అక్కడ ఎక్కదు. ఉంచితే దొరికిపోతామని అదొక భయం. ఆ పిల్లల చదువు నా 15 వేల కోసం ఆగుతుందేమోనన్నది ఇంకొకటి. ఏది ఎక్కువో ఇప్పుడు చెప్పలేను. తీసేశాను. 29 అయ్యాం. ఆ మరుసటి ఏడాది మొత్తం ఒక్క తాళం మార్చాలన్నా పదిసార్లు ఆలోచించాను.

ఇప్పుడు మీ పాస్‌బుక్‌లో సున్నా. దీనికే కదా మీ నిద్ర పోయింది. అది సున్నాగా ఉండటమే ఇప్పటి పద్ధతి. పూర్వం గ్రాంటు వస్తే నిజంగానే బడి ఖాతాలో పడేది, వడ్డీ కూడా వచ్చేది. దేశంలో లక్షల బడి ఖాతాల్లో డబ్బు ఊరికే కూర్చుంటోందని 2021 జులై నుంచి పద్ధతి మార్చారు. రాష్ట్రానికంతా ఒకటే నోడల్ ఖాతా. డబ్బు అక్కడే ఉంటుంది. మీ బడి ఖాతాకి "ఇంతవరకు వాడుకోండి" అని లిమిట్ ఇస్తారు. పీఎఫ్‌ఎంఎస్ అనే సైట్లో లాగిన్ అయి, ఎవరికి డబ్బివ్వాలో ఆ షాపు వాళ్ల ఖాతా నంబరు ఎక్కించి, పీపీఏ అనే కాయితం ప్రింటు తీసి, సంతకాలు పెట్టి బ్యాంకులో ఇస్తే, పై ఖాతాలోంచి వచ్చి క్షణంలో షాపాయన ఖాతాకి వెళ్లిపోతుంది. మీ ఖాతా మధ్యలో దారి మాత్రమే. మీ మూడు సంతకాల్లో కనీసం ఒకటి ఆ పీపీఏ మీదే అయ్యుంటుంది.

దీనివల్ల దొంగతనం తగ్గింది, కాదనను. మా రోజుల్లో చెక్కు రాసి నగదు తీసుకుని తర్వాత బిల్లులు పుట్టించినవాళ్లనీ ఎరుగుదును. కానీ మోటారు మెకానిక్ దగ్గర జీఎస్టీ బిల్లు ఎక్కడుంటుంది చెప్పండి? "అమ్మా, నాకు ఐదొందల నోట్లివ్వండి చాలు" అంటాడు. అతని ఆధార్, ఖాతా నంబరు అడిగితే అప్పుకేమైనా ముడిపెడుతున్నారేమోనని మెకానిక్ మళ్లీ కనబడడు.

ఇంకో ముడి ఉంది, మార్చి 31. ఆ తేదీ దాటితే వాడని లిమిట్ వెనక్కి పోతుంది. ఒక ఏడాది మాకు మిగతా సగం లిమిట్ మార్చి 30 సాయంత్రం కనపడింది. వేసవికి ముందే పైపు పగిలితే అప్పు మీద బాగు చేయించి ఉన్నాను, 3,800. మర్నాడు పొద్దున్నే కూర్చున్నాను. మండలంలో బళ్లన్నీ అదే సైటు మీద పడ్డాయి. చక్రం తిరుగుతూనే ఉంది. మధ్యాహ్నం రెండింటికి కాయితం వచ్చింది, ఆటోలో బ్యాంకుకి పరిగెత్తాను. కౌంటర్లో అబ్బాయి చూసి, షాపు పేరులో ఒక అక్షరం వాళ్ల ఖాతాలో ఉన్నట్టు లేదని తిప్పి పంపాడు. సరిచేసి మళ్లీ తీసేసరికి షట్టరు సగం దించేశారు. ఆ రాత్రితో లిమిట్ పోయింది. 3,800 నా జీతంలోంచి ఇచ్చాను. గొప్ప కోసం చెప్పడం లేదు, మా ఆయన ఇప్పటికీ భోజనాల దగ్గర దెప్పుతూనే ఉంటారు. ఏమాటకామాటే, ఆ ఏడాది బడి లెక్కల్లో చూస్తే "నిధులు వినియోగించుకోలేదు" అని ఉంటుంది.

మరి ఆ డబ్బు అంత ఆలస్యంగా ఎందుకు దిగుతుందంటారా? జిల్లాలు ప్లాను పంపాలి, రాష్ట్రం కలిపి ఢిల్లీకి పంపాలి, అక్కడ విద్యాశాఖలో ప్రాజెక్ట్ అప్రూవల్ బోర్డు కూర్చుని కోతలు పెట్టి ఒప్పుకోవాలి, కేంద్రం తన విడత వదలాలి, రాష్ట్రం తన 40 వంతు కలపాలి. కిందటి విడత ఖర్చయిందని యూసీలు (వినియోగ ధ్రువపత్రాలు) వెళ్తేగాని రెండో విడత కదలదు. జూన్‌లో బడి తెరిస్తే, సుద్దముక్కలు జూన్‌లోనే కావాలి. డబ్బుకి ఆ తొందర ఉండదు.

తల్లికి వందనం 2 వేల సంగతి. అది మీ బడి ఖాతాలో తలకింతని జమయ్యేది కాదు. బడి నిర్వహణ, మరుగుదొడ్ల శుభ్రత కోసం ఆపే డబ్బు. మీ ఆయాకిచ్చే గౌరవ వేతనం, ఫినాయిలు, చీపుళ్లు ఆ లెక్కలోవి. ఏటా ఎంత వచ్చింది, మా బడికి ఎంత చేరింది అని అడగడం మాత్రం న్యాయమే. తల్లుల పేరు చెప్పి ఆపిన డబ్బు కదా.

సంతకాల విషయం. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ మీ కమిటీకి ఇచ్చిన పనుల్లో గ్రాంట్లు ఎలా ఖర్చవుతున్నాయో చూడటం ఒకటి. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలనడం అందుకే. కాబట్టి మీరు అడిగితే సారుకి కోపం రాకూడదు, వచ్చినా మీరు భయపడకూడదు. కానీ "డబ్బులేవీ?" అని అడగకండి. ఆ ప్రశ్నకి "పడలేదు" అన్న జవాబే వస్తుంది. "సార్, ఈ ఏడు మనకి మంజూరు ఎంత? లిమిట్ ఏ తేదీన ఎంత వచ్చింది? ఎన్ని పీపీఏలు తీశాం? క్యాష్‌బుక్కు ఒకసారి ఇద్దరం కలిసి చూద్దాం" అనండి. లైబ్రరీకి 5 వేలు, ఆటలకి 5 వేలు వేరే ఉంటాయి, అవీ అడగండి, కానీ వాటితో మోటారు బాగు చెయ్యమనకండి. ఆటల డబ్బు తీసి మోటారుకి పెడితే ఆడిట్లో మీ సారు పీకకి చుట్టుకుంటుంది. బీరువాలో కొత్త తాడాట తాళ్లు, బయట నీళ్లు లేని కుళాయి. ఆ దృశ్యం నాకు బాగా అలవాటు.

ఊరి చివర ఇల్లు:

టీచరమ్మ గారు వివరంగా చెప్పారు గాని, నాకర్థమైంది ఒకటే. 28 మంది పిల్లలకి 14 లక్షల జీతాలు, మోటారుకి 4,500 లేవు. మా వాడిని ప్రైవేటులో వేశాను, అక్కడ నీళ్లు వస్తున్నాయి. దేశ ఆదాయంలో 6 శాతం చదువుకి పెట్టాలని విద్య మీద వేసిన కొఠారీ కమిషన్ చెప్పి 60 ఏళ్లవుతోందట. అది పెట్టరు, ఇలాంటి బళ్లు మూసి పెద్ద బడిలో కలపరు. రెండూ చెయ్యకపోతే ఎలా?

సుద్దముక్క:

బాబూ, మీ కోపం న్యాయమైందే, లెక్క మాత్రం సగమే వేశారు. చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు ఉండాలి. 60 మంది ఉన్నా అదే 14,40,000. పిల్లకు 24 వేలు. 28కి 51 వేలు, 15కి 96 వేలు. టీచర్ల జీతం పెరగలేదు, పిల్లలు పోయారు. ఎవరు తీసుకెళ్లారు అంటే, అందులో మీరూ ఒకరు. నిష్ఠూరంగా అనుకోకండి, నేను మా మనవడి విషయంలో ఏం చెయ్యగలిగాను గనక.

బడి కలిపెయ్యడం అంటారా, ఒకటో తరగతి పిల్లకు కిలోమీటరు లోపు బడి ఉండాలన్నది ఊరికే పెట్టిన నియమం కాదు. రెండు కిలోమీటర్లు రోడ్డు పక్కన నడిపించి చూడండి, మగపిల్లాడు వెళ్తాడు, ఆడపిల్ల ఇంట్లో చెల్లిని ఎత్తుకుని కూర్చుంటుంది.

6 శాతం పెట్టాల్సిందే. కానీ అది పెట్టినా మొదట జీతాలకీ, కొత్త గదులకీ పోతుంది. బళ్లు బాగుచేసే నాడు–నేడు పథకంలో మా బడికి రంగులేశారు, టైల్సు వేశారు, కొత్త బల్లలొచ్చాయి. నేనే కమిటీతో కలిసి సిమెంటు బస్తాలు లెక్కపెట్టాను. బాగుంది. అయితే కట్టడానికి ఒక పద్దు, కట్టింది నిలబెట్టడానికి ఇంకో పద్దు. మొదటిది లక్షల్లో ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది. రెండోది ఆ 10 వేలే. కుళాయి వాషరు మార్చినందుకు ఎవరూ రిబ్బను కత్తిరించరు.

మీ వాడు తిరిగొస్తే చైర్మన్ గారి బడిలో 29 అవుతారు. ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకు రండి, 15 వేలు ఎక్కువొస్తాయి :)

ఊరి చివర ఇల్లు:

హహ, మా ఆవిడకి చూపించాను. నవ్వింది, ఒప్పుకోలేదు.

క్లస్టర్ మనిషి:

నేను క్లస్టర్‌లో, అంటే చుట్టుపక్కల బళ్లన్నిటినీ కలిపి చూసే చోట పనిచేస్తాను, మేడమ్ చెప్పినదానికి రెండు ముక్కలు.

10 వేలు ఒకేసారి వస్తాయనుకోకండి. మా వైపు ఈసారి మొదట సగమే లిమిట్ ఇచ్చారు. అదీ కొన్ని బళ్లకి సైట్లో ఖాతా సరిగ్గా జతకాక కనపడలేదు. మీ సారు చివరిసారి ఎప్పుడు లాగిన్ అయ్యారో అడగండి, పాస్‌వర్డ్ గడువైపోయి ఎవరికీ చెప్పుకోలేక కూర్చున్న హెడ్మాస్టర్లని నేను వారానికి ఇద్దర్ని చూస్తాను. తప్పుగా అనడం లేదు, ఇద్దరు టీచర్ల బడిలో ఆయనే గుమస్తా, ఆయనే అకౌంటెంటు, ఐదు తరగతుల్లో సగానికి ఆయనే టీచరు.

రెండోది ముఖ్యం. మోటారు కోసం బడి గ్రాంటు దగ్గరే ఎందుకు ఆగారు? పంచాయతీకి వెళ్లండి. 15వ ఆర్థిక సంఘం 2021–26కి గ్రామాలకిచ్చే గ్రాంటులో 60 శాతం నీళ్లకీ, పారిశుద్ధ్యానికే వాడాలని ముడిపెట్టింది. సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. బడి నీళ్లు దానికి సరిగ్గా సరిపోతాయి. కమిటీ మీటింగు పెట్టి తీర్మానం రాయండి, మెకానిక్ ఇచ్చిన అంచనా జతచెయ్యండి, పంచాయతీ కార్యదర్శికి రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. నోటిమాటగా చెబితే "చూద్దాం లెండి" అంటారు. తేదీ వేసిన కాయితం వాళ్ల ఫైల్లో ఉంటే మళ్లీ అడగడానికి మీకొక దారి.

పొలంగట్టు:

అందరికీ దండాలు. పది రోజులైంది రాసి. జరిగింది చెబుతాను.

టీచరమ్మ గారు చెప్పినట్టే అడిగాను. "క్యాష్‌బుక్కు ఇద్దరం కలిసి చూద్దాం సార్" అనగానే సారు కాసేపు నన్నే చూసి, బీరువా తాళం నా చేతికిచ్చారు. "ఇన్నాళ్లకి ఒకరు అడిగారు" అన్నారు. నాకు సిగ్గేసింది.

లిమిట్ 5 వేలు వచ్చిందట, సెప్టెంబరులో. అందులో రిజిస్టర్లు, సుద్దముక్కలు, ఒక ఫ్యాను రెగ్యులేటరు, శుభ్రత సామాన్లు కలిపి 4,160 రూపాయలకి పీపీఏలు వెళ్లాయి. రెండు పీపీఏల మీద నా సంతకం ఉంది, మూడోది మీటింగు తీర్మానం. మిగిలింది 840. సారు "గ్రాంటు పడలేదు" అన్నది రెండో సగం గురించి. ఆ ముక్క ముందే చెబితే సరిపోయేది కదా సార్ అంటే, "840 ఉందంటే మోటారు బాగు చేయించమంటారని" అన్నారు. క్యాష్‌బుక్కు వెనక పేజీలో పెన్సిలుతో చిన్నగా ఒక జాబితా ఉంది. డస్టరు, గొళ్లెం, ఆగస్టు 15 చాక్లెట్లు, జిరాక్సులు. మొత్తం 1,870. అది ఆయన సొంత డబ్బట. దాని గురించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

తీర్మానం రాసి పంచాయతీకిచ్చాం. ముట్టినట్టు సంతకం వేయించుకున్నాను. కార్యదర్శి గారు నెల మీటింగులో పెడతామన్నారు. కానీ ఆయా బిందెలు మోయడం చూడలేక మెకానిక్‌ని తీసుకొచ్చి చేయించేశాను. బేరమాడితే 4,200కి ఒప్పుకున్నాడు. మీటింగులో నన్ను దొంగన్నాయన ఉన్నాడే, ఆయన వెయ్యి ఇచ్చాడు. సారు వెయ్యి, నేను పదిహేను వందలు, మిగతా 700 ట్రాక్టరు కిరాయిలో మెకానిక్ మినహాయించుకుంటానన్నాడు. నిన్న మధ్యాహ్నం నీళ్లొచ్చాయి.

ఇప్పుడొక డౌటు. ఈ 4,200 ఎక్కడ రాయాలి? రేపు పంచాయతీ డబ్బిస్తే మేం తిరిగి తీసుకోవచ్చా?

సుద్దముక్క:

క్యాష్‌బుక్కులో వచ్చిన వైపు "విరాళాలు" అని ముగ్గురి పేర్లూ రాయించండి. ఖర్చు వైపు మోటారు వైండింగ్, మెకానిక్ చేత తెల్లకాయితం మీదైనా రసీదు రాయించి అంటించండి. మెకానిక్ 700 పేచీ పెట్టకుండా అది కూడా మీ విరాళంగానే రాయండి, ట్రాక్టరు కిరాయి మీదే కదా. అప్పుడు మొత్తం 4,200కి సరిపోతుంది.

పంచాయతీ డబ్బు తిరిగి తీసుకోలేరు. అయిపోయిన పనికి వాళ్లు బిల్లు పెట్టరు, మీరు పెట్టించకండి. ఆ తీర్మానాన్ని మార్చి, నీళ్ల ట్యాంకు మూతకీ, పైపు లైనుకీ అడగండి. ఎలాగూ ఎండాకాలానికి అవి పోతాయి. సారు పెన్సిలు జాబితా మాత్రం చెరపనివ్వకండి. రెండో సగం లిమిట్ వస్తే వాటిలో బిల్లున్నవి ఏవైనా పెట్టుకోవచ్చేమో, క్లస్టర్‌లో అబ్బాయిని అడిగి చూడండి. చాక్లెట్లు మాత్రం రావు.